మస్తానన్న వేయించిన ముడి

నాన్నా, నువ్వు పోయి ఏడాదయింది. నీ జంపఖానాల వ్యాపారం మళ్లీ మొదలుపెడదామని ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తిరుగుతున్నాను. మొదటిరోజే, నీకు సరుకు నేసిచ్చిన మస్తానన్న మగ్గం మీద సగం నేసిన జంపఖానాకు ఫోటో తీశాను. ఆయన వెంటనే దాని మీద దుప్పటి కప్పేశాడు.

"సగం పనికి దిష్టి తగుల్తాదమ్మా."

తర్వాత మూడుసార్లు వెళ్తే సరుకు ఇవ్వకుండా టీ ఇచ్చి పంపాడు. అప్పటినుంచీ ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. ఈరోజు పోగు తెగితే ఆయనే పిలిచాడు.

"ఈడ కూర్సో. ముడెయ్యి."

వేశాను, ఊడింది. మళ్లీ వేశాను, మళ్లీ ఊడింది.

"మీ నాయనకి ఈ ముడి కుదిరేకి ఆర్నెల్లు పట్టింది. అంతవరకూ ఆయప్పకి ఒక్క జంపఖానా ఇయ్యలేదు" అని నవ్వాడు.

రేపు మొదటి బస్సుకే మళ్లీ వెళ్తాను. మస్తానన్నను ఒక్కరోజులో ఒప్పించానని నాకెందుకు చెప్పావు నాన్నా?