హాలిబట్ పట్టిన రాగ్నా చెయ్యెందుకు ఊపింది?

సెన్యా దీవి, ఉత్తరపు గట్టు
13 సెప్టెంబరు 1961

ఎదుటి గట్టు ఎలియాస్ గారికి రాగ్నా రాయునది.

మీరు కట్టిన పడవ ఎడమకి ఒరుగుతుందన్నానని తొమ్మిదేళ్ళుగా నాతో మాట్లాడటం మానేశారు. సరే, మానేయండి. కానీ నిన్న నేను చావబోతుంటే టోపీ ఊపడమేమిటండీ?

నా గాలానికి తలుపంత హాలిబట్ చేప పడింది. గంటన్నర లాగితే పైకొచ్చింది. ఈటె దింపాను. అంతే, ఒక్కసారిగా అడుగుకి దూకింది. ఈటె తాడు ఎడమ చేతికి చుట్టుకుని, చేతిని పడవ అంచుకి బిగించేసింది. కత్తి అందలేదు. కుడి చెయ్యి ఊపాను. మీరు మీ గుమ్మంలో నిలబడి టోపీ తీసి ఊపారు! కొక్కెం కర్ర ఊపాను. లోపలికెళ్ళి తలుపేసుకున్నారు!

ఇట్లు,
ఒంటిచేత్తో రాస్తున్న రాగ్నా

తా.క.: ఎర్ర స్వెట్టర్ తల మీదుగా లాగి, ఊడొచ్చిన సగాన్ని ఊపితే కర్టెన్ కూడా వేశారు.

దక్షిణపు గట్టు, 15 సెప్టెంబరు

రాగ్నా గారికి ఎలియాస్ సిగ్గుతో రాయునది.

మీరు బతికే ఉన్నారు. అది చదివి కుర్చీలో కూలబడ్డాను.

మీరు ఇల్లు అమ్మకానికి పెట్టారని కొట్టు హాల్దిస్ చెప్పింది. వెళ్ళిపోతూ చెయ్యి ఊపుతున్నారనుకున్నాను. పోనీలే, ఇన్నాళ్ళకైనా పలకరించారని టోపీ తీశాను. కర్ర ఎత్తేసరికి పాత కోపం గుర్తొచ్చిందనుకుని, భయమేసి తలుపేశాను.

చెయ్యి ఎలా ఉంది? ఆ చేపని ప్రాణంతో పడవలోకి లాగలేదు కదా? ఒక్క తోక దెబ్బకి అడుగు పలకలు ఊడతాయి. అవి నేను కొట్టిన పలకలు.

ఇట్లు,
బుద్ధిలేని ఎలియాస్

తా.క.: కర్టెన్ మర్యాద కోసం వేశాను. ఆడవాళ్ళు స్వెట్టర్ విప్పుతుంటే చూసే మనిషిని కాను.

ఉత్తరపు గట్టు, 16 సెప్టెంబరు

మర్యాదస్తులైన ఎలియాస్ గారికి,

చెయ్యి నల్లగా కమిలింది, విరగలేదు. చేప అలిసి కాస్త పైకి తేలగానే తాడు వదులైంది. చెయ్యి లాక్కున్నాను. ఆపైన కూర్చుని ఏడ్చాను, ఎవరికీ చెప్పకండి. ఏడవడం అయ్యాక తోకకి ఉచ్చు వేసి బిగించాను. నోట్లోంచి మొప్పల గుండా ఇంకో తాడు పోనిచ్చాను. మొప్పలు కోసి, నెత్తురంతా పోయేదాకా నీళ్ళలోనే ఉంచాను. ప్రాణంతో లోపలికి లాగడానికి నాకేమైనా పిచ్చా? పడవ పక్కనే కట్టుకుని రేవుకి తెచ్చాను. నూట పది కిలోలు! తోకవైపు ముక్క ఉప్పులో వేశాను.

ఇల్లు ఎవరమ్ముతున్నారు? కొట్లో అంటించిన చీటీ కోళ్ళ గూడు గురించి! హాల్దిస్ కళ్ళద్దాలు మార్చుకోవాలి.

ఇట్లు,
ఎక్కడికీ పోని రాగ్నా

తా.క.: చేపని కుడిపక్కన కట్టాను. మీ పడవ మొదటిసారి నిటారుగా నడిచింది.

దక్షిణపు గట్టు, 19 సెప్టెంబరు

ప్రియమైన రాగ్నా గారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి నా పెట్టెలన్నీ తాళ్ళతో కట్టి ఉన్నాయి. గురువారం ఓడెక్కి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను. ఎదుటి కిటికీలో దీపం లేకపోతే ఈ గట్టున నాకేం పని? ఈ మాట తొమ్మిదేళ్ళ కిందటే చెప్పాల్సింది. టికెట్టు పొయ్యిలో వేశాను. పెట్టెలు విప్పుతూ ఈల వేశానట, పాలు పోసేవాడు విని నవ్వాడు.

పడవ ఎడమకి ఒరుగుతుంది. ఒప్పుకుంటున్నాను.

ఆదివారం భోజనానికి వస్తున్నాను. పిలవలేదని తెలుసు. ఆ ఉప్పు ముక్కలోకి బంగాళాదుంపలు నేను తెస్తాను.

ఇట్లు,
మీ ఎలియాస్

తా.క.: కోళ్ళ గూడు ఎవరికీ ఇవ్వకండి, నేనే కొంటాను. నాకు కోళ్ళు లేవు, గూడు పెట్టే చోటూ లేదు. అది మీ పెరట్లోనే ఉండనివ్వండి. రోజూ వచ్చి చూసుకుంటాను.