లోపల వదిలిన గుడ్డ

ప్రియమైన తమ్ముడికి,

నీ యూనిఫాం ప్యాంట్లకి కొలతలు అందాయి. నడుము ముప్ఫై రెండు అని రాశావు. పోయినేడు ముప్ఫై ఆరుకి కుట్టాను. టేపు వంకరగా పట్టుకున్నావేమో అనుకుందామంటే, పాతికేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాడివి, వెంట్రుకవాసి తేడా పసిగడతావు. ఏడాదిలో నాలుగు అంగుళాలు ఎక్కడికి పోయాయి? నువ్వు కడుపు మాడ్చుకునే రకం కూడా కాదు.

ఫోనులో అడిగితే "సిగ్నల్ లేదక్కా, లిఫ్టులో ఉన్నా" అంటావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కదా, అందుకే రాస్తున్నాను. జవాబు వచ్చేదాకా నీ గుడ్డ మీద కత్తెర పెట్టను.

నా సంగతేముంది, మిషనూ నేనూ. ఈమధ్య మేడమెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తోంది. నీ లిఫ్టు ఒకటి ఇక్కడ పెట్టించరాదూ?

నీ అక్కయ్య

*

ప్రియమైన టేపక్కయ్యకి,

నీకైనా అబద్ధం చెప్పగలను గాని నీ టేపుకి చెప్పలేను. మూడు నెలలుగా కడుపు మాట వినడం లేదు. ఒకరోజు బిగుసుకుపోతుంది, మర్నాడు పరుగులు పెట్టిస్తుంది. అరుగుదల మాత్రలు చప్పరిస్తూ నెట్టుకొస్తున్నాను.

మా కంపెనీ ఏటా చేయించే పరీక్షల్లో ఈసారి ఒక బుల్లి సీసా చేతికిచ్చారు. అందులో ఏం తెమ్మన్నారో రాయడానికి సిగ్గు, నువ్వే అర్థం చేసుకో. కంటికి కనపడని రక్తం ఉందన్నారు. గొట్టం వేసి పేగు లోపల చూడాలంది డాక్టరమ్మ. నాకు మొలలున్నాయి, దానిదే అయ్యుంటుంది అన్నాను. నెల ఆగి ఇంకోచోట మళ్ళీ సీసా ఇచ్చాను. ఏమీ లేదన్నారు. మా పనిలోనూ అంతే. చప్పుడు చేస్తోందని ఫిర్యాదు వస్తే లిఫ్టుని నాలుగుసార్లు పైకీ కిందికీ తిప్పుతాం. చప్పుడు రాకపోతే పుస్తకంలో "లోపం మళ్ళీ కనిపించలేదు" అని రాసి సంతకం పెడతాం. నేనూ పెట్టేశాను.

ఇంకో మాట. అలసిపోయానక్కా. బావ కోసం ఆరు నెలలు మనిద్దరం ఆ ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. చివరికి ఒట్టి చేతులతో ఇంటికొచ్చాం. మళ్ళీ ఆ బల్ల మీద కూర్చునే ఓపిక నాకు లేదు. ప్యాంట్లు ముప్ఫై రెండుకే కుట్టు.

నీ తమ్ముడు

*

ప్రియమైన మొండిఘటానికి,

ఆ ప్రియమైన అన్న మాట కూడా కోపంతోనే రాశాను.

బట్టలకొట్టు మేడలో లిఫ్టు సంగతి మర్చిపోయావా? చప్పుడు ఒకసారి వచ్చి ఆగిపోయిందని అందరూ నిన్ను పొమ్మన్నారు. నువ్వు కదల్లేదు. "వచ్చి మాయమయ్యే చప్పుడుకే భయపడాలి" అని తలుపుకి తాళం వేసి, "వాడరాదు" అని బోర్డు తగిలించావు. విప్పి చూస్తే ఇనప తాడు లోపలి పోగులు తెగి ఉన్నాయి. ఇంటికొచ్చి ఆ కథ నాకు నాలుగుసార్లు చెప్పావు. నీ పేగు ఆ తాడుకన్నా లోకువైపోయిందా?

నా కొట్టుకి జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చే నర్సుని అడిగాను. ఆ రక్తం రోజూ కనపడదట. ఒకసారి కనిపించాక, రెండోసారి లేకపోయినంత మాత్రాన కొట్టేయకూడదట, లోపల చూడాల్సిందేనట. అది మొలలదో కాదో తేల్చాల్సింది నువ్వు కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు.

అలసట నీకొక్కడికేనా? ఫినాయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్ళు పీకుతాయి. నాకు భయంగా ఉందిరా. ఉన్నది నువ్వొక్కడివి.

నా బట్టలు కూడా వదులయ్యాయి, రెండుసార్లు పక్కకుట్టు వేసుకున్నాను. కడుపు బరువుగా ఉంటోందని సాయంత్రం తిండి మానేశాను. వయసు మీద పడితే ఎవరికైనా అంతే, నాది వేరు. నువ్వు వెళ్ళు.

అక్కయ్య

*

ప్రియమైన అక్కయ్యకి,

మూడు వారాలు జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. వెళ్ళాను. ముందురోజు ఏదో మందునీళ్ళు లీటర్ల కొద్దీ తాగించారు. ఆ రోజు మంచానికీ దొడ్డికీ మధ్య నేను తిరిగినన్ని ట్రిప్పులు నా లిఫ్టు ఏదీ ఇంతవరకు తిరగలేదు. తర్వాత మత్తిచ్చారు, కళ్ళు తెరిచేసరికి అయిపోయింది.

రెండు బుడిపెలు ఉంటే అక్కడే తీసేశారు. వాటిలో ఒకటి వదిలేస్తే ముందుముందు చెడ్డదయ్యే రకమట. ఇంకా కాలేదు. మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. నడుము తిన్నది మాత్రం షుగరట, రక్తపరీక్షలో పట్టుబడింది. దానికి మాత్రలు మొదలుపెట్టాను.

డాక్టరమ్మ తోబుట్టువులున్నారా అని అడిగింది. ఒక అక్క అన్నాను. ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందని అనబోయి ఆగిపోయాను. నీ ఉత్తరాలు సంచిలోనే ఉన్నాయి. ఆ వరండాలో బల్ల మీదే కూర్చుని, లిఫ్టు పుస్తకం చూసినట్టు వరసగా చదివాను. మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రం తిండి లేదు. బట్టలకి రెండుసార్లు కుట్టు.

నా నడుము తగ్గితే ఉత్తరం రాశావు. నీ నడుము తగ్గితే మిషను ముందు కూర్చున్నావు. ఒళ్ళు తగ్గితే కుట్టు వేసి సరిపెట్టుకోవడం ఒక్క దర్జీకే చెల్లింది. నేను సంతకం పెట్టి మూసేసినట్టే నువ్వు సూదితో మూసేశావు.

సోమవారం వస్తున్నాను. నీ కొట్టుకి నా చేత్తోనే బోర్డు తగిలిస్తాను. గొడవ పెట్టుకోకు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నాకూ గొట్టం పరీక్ష చేయించి నువ్వు డ్యూటీకి వెళ్ళిన నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. ఫోను చేస్తే నీ గొంతు వినాల్సి వస్తుంది, అందుకని రాస్తున్నాను. ఉంది. కుడివైపు పేగులో, చెడ్డ గడ్డే. బయటికి పాకినట్టు కనపడలేదు, కోసి తీసేయొచ్చు అన్నాడు సర్జను. ఆయాసం కూడా దానివల్లేనట, రక్తం అటే పోతోందట. ఆపరేషను పై నెల మొదటి బుధవారం.

ఇప్పుడు దాచి ఏం లాభం? నాకు తెలియక కాదురా. రెండోసారి కుట్టు వేసేటప్పుడే అనుమానం వచ్చింది. అందుకే నీ కొలత చూడగానే గుడ్డ పక్కన పెట్టి ఉత్తరం రాశాను. నన్ను నేను అడగలేక నిన్ను అడిగాను. నర్సు నీ గురించి చెబుతుంటే నా గురించి విన్నాను. విని కూడా ఇంటికొచ్చి మిషను తొక్కాను. ఆ బల్ల మీద ఒక్కదాన్నే కూర్చోవాలంటే చేత కాలేదు.

ప్యాంట్లు పంపుతున్నాను. ముప్ఫై రెండుకే కుట్టాను గాని, లోపల గుడ్డ దండిగా వదిలాను. ఒళ్ళు వస్తే విప్పుకోవచ్చు. నా బట్టలు కూడా తిరగేసి చూశాను. కుట్లు వేశానే గాని లోపలి గుడ్డ ఒక్క దానికీ కత్తిరించలేదు. ప్రతిసారీ కత్తెర తీశాను, మళ్ళీ పక్కన పెట్టేశాను.

బుధవారం పొద్దున్నే రా. నన్ను లోపలికి తీసుకెళ్ళాక ఆ బల్ల మీద కూర్చో. వాళ్ళు పిలిచేదాకా లేవకు.

నీ అక్కయ్య