నలభై కనెక్షన్లు, ఒక కొమురెల్లి తాత

జూన్ 9, సోమవారం
భావి చరిత్రకారుల సౌకర్యార్థం నమోదు చేస్తున్నాను: ఈ రోజు కూడా సరిగ్గా పదకొండుకు సర్వర్ ఆగిపోయింది. మడికొండ ఆఫీసులో కూర్చుని ఒక దవాఖానకు OP టోకెన్ల సాఫ్ట్‌వేర్ నడిపేది మేమే. నడపడం అనేది కొంచెం పెద్ద మాట. అక్కడి కౌంటర్ నుంచి గౌసియా బేగం ఫోన్. జనం లొల్లి జేస్తాండ్రు తమ్మీ, జర జల్ది ఏదన్న చెయ్ అంది. Restart కొట్టాను. లేచింది. నాలుగేళ్ల బీటెక్ ఇందుకే చదివాను.

జూన్ 10
లాగ్‌లో ఒకటే మొర: connection pool ఖాళీ. డేటాబేస్‌తో మాట్లాడటానికి సర్వర్ దగ్గర ఇరవై కనెక్షన్లే ఉంటాయి. పని పడితే ఒకటి తీసుకోవాలి, అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. ఎవడో ఇవ్వడం లేదు. వాడెవడో దొరకనీ. లీడ్ సుభాషిణి మేడం ప్రస్తుతానికి ఇరవైని నలభై చేయించారు.

జూన్ 11
పదకొండుకు ఆగలేదు! స్వీట్లు పంచుదామనుకున్నాను. ఒంటిగంటకు ఆగింది.

జూన్ 12
దవాఖాన వాళ్లు తేల్చేశారు. సోమవారం కూడా ఆగితే కాంట్రాక్ట్ రద్దు, మళ్లీ కాగితం చీటీలే. నా ప్రొబేషన్ ఈ నెలతో సరి. కన్ఫర్మేషన్ లెటర్ మేడం డ్రాయర్‌లో ఉంది, సంతకం లేకుండా. ఆ డ్రాయర్‌ను చాలాసేపు భక్తితో చూశాను. దాన్నేం జూస్తవ్, పొయ్యి కౌంటర్ కాడ కూసో, ఏం జరుగుతాందో కండ్లతోని చూడు అన్నారు మేడం.

జూన్ 13, శుక్రవారం, మధ్యాహ్నం 12:50
గౌసియా బేగం పక్కన స్టూలు మీద ఉన్నాను. ఒళ్లో లాప్‌టాప్, అందులో pool లెక్క. ఫోన్ నంబర్ చెప్పినవాళ్లు ఒక కనెక్షన్ తీసుకుని తిరిగి ఇస్తున్నారు. ఫోన్ లేని ముసలివాళ్లు వచ్చినప్పుడల్లా ఒకటి మాయం.

ఇప్పుడే పరకాల నుంచి కొమురెల్లి తాత వచ్చాడు. నంబర్ చెప్పమంటే, ఫోన్ యాడిది బిడ్డా, ఉన్నా నాకు జేసేదెవడు అన్నాడు. గౌసియా బేగం ఆ గడి ఖాళీగా వదిలింది. pool లెక్క సున్నా. స్క్రీన్ ఆగిపోయింది.

తాత చేతులు వెనక్కి లాక్కున్నాడు. నాతోనే కరాబయ్యిందా బిడ్డా అని అడిగాడు.

రాత్రి
నీతో కాదు తాతా, నాతో. టోకెన్ నంబర్ SMSగా పంపే కోడ్ మే నెలలో నేనే రాశాను. నంబర్ లేకపోతే పంపే పనే లేదు కదా అని కోడ్‌ను మధ్యలోనే return కొట్టి ఆపేశాను. కనెక్షన్‌ను చేతిలోనే పట్టుకుని బయటికొచ్చేశాను. ఊళ్లో ఫోన్ లేని మనిషి ఉంటాడని నాకు తట్టలేదు. మా నాయనమ్మకే లేదు.

జూన్ 14
మేడంకు చెప్పేశాను. ముందు లెటర్ ఇప్పించుకుని తర్వాత చెబుదామన్న ఆలోచన లిఫ్ట్‌లో రెండు అంతస్తుల దాకా ఉంది. మేడం నవ్వారు. సర్వర్‌ను పండవెట్టనోడు ఈ ఆఫీసుల ఎవడున్నడు, ముందు సక్కగ జెయ్ అన్నారు. చేశాను. ఇక కోడ్ ఏ దారిన బయటికి పోయినా కనెక్షన్ ఇచ్చే పోవాలి. డ్రాయర్ మాత్రం తెరుచుకోలేదు. సోమవారం ఒంటిగంట దాటనీ అన్నారు.

జూన్ 16, సోమవారం, 1:20
నలభైకి నలభై. సంతకం అయింది.

కొమురెల్లి తాత మళ్లీ వచ్చాడట. ఫోన్ ఇంకా లేదట. టోకెన్ చేతికందాక, కంప్యూటర్ పాణం మంచిగయ్యిందా బిడ్డా అని గౌసియా బేగాన్ని అడిగి పోయాడట.