ఎనిమిదో సీటు

మొండి ఘటం హెడీకి,

ఉప్పు కావాలన్నా మీ అమ్మను మధ్యవర్తిగా పెట్టి అడుగుతున్నావు. ఆమె పాపం మనిద్దరి మధ్యా కూర్చుని "వాడికి ఉప్పు కావాలటమ్మా" అని నాకూ, "నీ ముందే ఉందంటోందిరా" అని నీకూ చెప్పలేక విసిగిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ మొగుడికి ఉత్తరం రాసేది స్ఫాక్స్ ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను. దీన్ని నీ టిఫిన్ డబ్బాలో రొట్టె కింద పెడుతున్నాను. నా మీద ఎంత కోపం ఉన్నా మధ్యాహ్నమయ్యేసరికి మూత తీస్తావని నాకు తెలుసు.

నీ కోపం ఎందుకో ఊరంతా తెలుసు. వచ్చే సోమవారం కొత్త స్టేషన్ తెరుస్తారు. బస్సులు, ఊళ్ల మధ్య తిరిగే మీ లువాజ్ వ్యాన్లు, రేపెప్పుడో రాబోయే ట్రాము అన్నీ ఒకే చోట. మూడేళ్లుగా దాన్ని కట్టిస్తున్న ఇంజనీరు నీ పెళ్లాం. అందులో అడుగుపెట్టేది లేదని డ్రైవర్లందరి తరఫునా ఒట్టు పెట్టింది నువ్వు. కాఫీ హోటల్లో నువ్వన్న మాట కూడా నా చెవిన పడింది. "మా ఆవిడ అద్దాలకు ఇల్లు కట్టింది, మనుషులకు కాదు" అన్నావట. అందరూ పడీ పడీ నవ్వారట.

నవ్వండి. కానీ ఆ అద్దాల వెనక, గాబెస్ వెళ్లే బళ్లు ఆగే చోట, లోపలి నుంచి గడియ పడే గది ఒకటి ఉంది. ఆడవాళ్లకు. మరుగుదొడ్లు, కుళాయి, కూర్చోడానికి ఒక బల్ల. దాని కోసం ఆఫీసులో ఎంత గొడవపడ్డానో నీకు చెప్పలేదు. ఎందుకు పడ్డానో అసలే చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. నమలడం ఆపి చదువు.

నాకు ఐదో నెలప్పుడు, ఆ ఆగస్టులో, మా అమ్మ దగ్గరికి గాబెస్ వెళ్దామని పాత స్టాండుకు వచ్చాను, గుర్తుందా? ముందున్న రెండు బళ్లూ నిండి కదిలితే గానీ నీ వంతు రాదు. నీ బండిలోనే వెళ్లాలని గోడ పక్కన ఎండలో నిలబడ్డాను. కాసేపటికి కడుపులో నొప్పి మొదలైంది. బట్ట తడిసినట్టనిపించింది. నిజంగా తడిసిందో, అది చెమటో, చూసుకోడానికి చాటు లేదు హెడీ. మగవాళ్లకు ఆ గోడ ఉంది. మాకు అదీ లేదు. చుట్టూ నీ స్నేహితులే. ఎవరిని ఏమని అడగను? చాలాసేపు అలాగే నిలబడ్డాను. చివరికి తలనొప్పని నీతో అబద్ధం చెప్పి ఇంటికి వచ్చేశాను. "మొగుడి బండి ఎక్కడానికి మనసొప్పలేదా?" అని నవ్వుతూ పంపించావు. ఇంటికొచ్చాకే మొదలైందని ఆస్పత్రిలో చెప్పాను. నీకూ అదే చెప్పాను. అంత దగ్గర్లో ఉండి కూడా చూసుకోలేదే అని నువ్వు బతుకంతా కుమిలిపోతావని భయం. ఎక్కడున్నా ఆ బిడ్డ నిలిచేది కాదన్నాడు డాక్టరు. అయి ఉండొచ్చు. కానీ ఆ గోడ పక్కన నిలబడ్డ సేపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ గది అందుకు కట్టాను.

నువ్వు రాకపోతే డ్రైవర్లెవరూ రారు. వాళ్లు రాకపోతే జనం పాత స్టాండులోనే, ఆ ఎండలోనే నిలబడతారు. కనుక నువ్వు వస్తావు. బతిమాలడం లేదు, చెప్తున్నాను.

నీ
ముఫీదా

*

ముఫీదాకి,

డబ్బా ఖాళీ చేయలేదు. ఎందుకో నీకు తెలుసు. గాబెస్‌లో వంతు కోసం ఆగినప్పుడు చదివాను. నా వంతు వచ్చినా లేవలేక వెనక బండి మొంసెఫ్‌ను ముందు పొమ్మన్నాను. ఇన్నేళ్లలో వంతు వదులుకోవడం ఇదే మొదలు. "ఏంట్రా, పెళ్లాం కొట్టిందా?" అన్నాడు. అవునన్నాను.

ఆ రోజు గురించి ఇక్కడ రాయలేను. మొదలుపెడితే ఆగను.

ఆ గదితో నాకేం పేచీ లేదు. నా పేచీ తలుపులతో. ఒక్క గాబెస్ లైనుకే, జనం బళ్లెక్కడానికి ఆరు తలుపులు పెట్టించావు. ఆరు బళ్లు ఒకేసారి జనం కోసం నోళ్లు తెరుచుకుని నిలబడితే ఇక వంతెక్కడిది? ముందొచ్చినవాడు ముందు నింపుకుంటాడు. వాడు కదిలాక వెనకవాడు ముందుకు జరుగుతాడు. మా చట్టం ఇంతే. కొత్త బండివాడూ పాత బండివాడూ ఒకేలా ఇంత తింటున్నామంటే దాని వల్లే. ఆరు తలుపులూ తీశావో, మెత్తటి సీట్లున్న బండి నిండుతుంది, మొంసెఫ్ డొక్కు బండి ముఖం చూసే దిక్కుండదు. వారం తిరక్కుండా జనాన్ని చేతులు పట్టి లాగుతాం. ఆ తర్వాత ఒకరి చొక్కాలు ఒకరం పట్టుకుంటాం. డ్రైవరు పెళ్లానివి, నీకిది తెలియకనా? నన్ను మండించింది అదే.

తెలిసీ ఎందుకు చేశావో చెప్పు.

హెడీ

*

హెడీ,

తెలుసు. మొదటి ప్లానులో లైనుకు ఒక్క తలుపే గీశాను. విమానాశ్రయంలా కనిపించాలన్నాడు మా పెద్ద సారు. ఆరు తలుపులకు చోటు చాలడం లేదని ఆడవాళ్ల గది తీసేయమన్నాడు. గది ఉంచితే తలుపుల గురించి నోరెత్తనని నేనే ఒప్పుకున్నాను. నీ వంతు ఇచ్చి నా గది తెచ్చుకున్నాను. మళ్లీ అదే బేరం పెడితే మళ్లీ అదే చేస్తాను, కనుక క్షమాపణ అడగను.

అయితే ఇప్పుడు నా చేతిలో నీ ఒట్టు కూడా ఉంది. ఈ పొద్దున సారు దగ్గరికి వెళ్లాను. నేను సంతకం పెడితే గానీ స్టేషన్ తెరవడానికి లేదు. "లైనుకు ఒక్క తలుపు ఉంచి మిగతావాటికి తాళాలు వేయించండి, పెడతాను" అన్నాను.

"మీ ఆయన నేర్పి పంపాడా?"

"మా ఆయన నాతో మాట్లాడితే కదా సార్."

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?"

"ఉంది సార్. బళ్లు లేని స్టేషన్లో రిబ్బను కత్తిరిస్తూ ఫొటో దిగాలని మీకు మాత్రం ఉంటుందా?"

రేపు చెప్తానన్నాడు. ఈలోగా మీవాళ్ల చేత ఒక్క మాట అనిపించు. ఒక్క తలుపుంటే వస్తామని, ఆ గది జోలికి వస్తే మాత్రం రామని. రెండూ కలిపి అనాలి. గది లేని వంతు నాకొద్దు.

ఈసారి డబ్బాలో కుస్కుసు మిగల్చకు. మీ అమ్మ నన్ను తిడుతోంది.

ముఫీదా

*

మా ఇంజనీరమ్మకి,

మావాళ్లందరి చేతా ఆ మాట అనిపించడం, మీ సారు దిగిరావడం నీకు తెలిసినవే. ఈ పొద్దున జరిగింది మాత్రం నువ్వు చూడలేదు. రిబ్బను దగ్గర పెద్దవాళ్ల మధ్య ఇరుక్కుపోయావు. అందుకే గాబెస్ చేరగానే ఇది రాసి, నా ముందు వంతు బండిలో స్ఫాక్స్‌కు పంపిస్తున్నాను.

తెల్లవారకముందే వచ్చి మొదటి వంతు పట్టాను. మూసిన తలుపుల తాళాలన్నీ మొంసెఫ్ నమ్మకం లేక ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఏడు సీట్లు నిండాయి. "గాబెస్ ఒక్కరు, ఒక్కరే" అని కేకేస్తున్నాను. నిండు గర్భిణి ఒకావిడ వచ్చి, ఎనిమిదో సీట్లో సంచి పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ గదిలోకి వెళ్లింది. గడియ పడిన చప్పుడు నాకు వినిపించింది.

ఆవిడ ఎంతకీ రాలేదు. "ఇంకెంతసేపయ్యా? బయట సీటు కోసం ఈయన నిలబడే ఉన్నాడు, ఆ సీటు ఇచ్చెయ్" అన్నాడు వెనక కూర్చున్న పెద్దమనిషి.

"ఆ సీటు నిండింది" అన్నాను.

"ఎవరున్నారు అందులో, సంచా?"

"ఆవిడ ఉంది."

వెనక నుంచి మొంసెఫ్ హారన్ మోగించాడు. దిగి వెళ్లి, లోపల ఒకావిడ ఉందిరా అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. వాడు తన వెనకవాడికి చెప్పాడు, వాడు ఆ వెనకవాడికి. ఒక్కొక్క బండీ ఇంజను ఆపేసింది. మా లైను అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ ముఖం కడుక్కుని వచ్చి, "ఆలస్యం చేశాను" అంది.

"మీ వంతేనమ్మా, ఎక్కండి" అన్నాను.

ఆ రోజు నువ్వు చెప్పి ఉంటే మా లైనంతా ఇలాగే ఆగేది, ముఫీదా. నాతో ఎందుకు చెప్పలేదని నీ మొదటి ఉత్తరం చదివినప్పటి నుంచి నిన్ను అడగాలనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు అడగను. ఈవిడ నాకేమీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు.

సాయంత్రం పెందలాడే వస్తాను. మీ అత్తగారిని మధ్యలోంచి లేచి పక్కన కూర్చోమను. ఉప్పు నేనే అడుగుతాను.

నీ
హెడీ