రజియా నాడి

మంగళవారం రాత్రి, సిద్దిపేట

బంద్‌ల వల్ల యూనివర్సిటీ మూసి ఇంటికి పంపినా పాఠాలు నన్ను వదలడం లేదు. తెలంగాణ కోసం నిరాహార దీక్షలో కూర్చున్న నా చిన్ననాటి స్నేహితురాలు రజియాను చూడటానికి ఈ రోజు శిబిరానికి వెళ్లాను. బడిలో పరుగుపందేలన్నీ తనవే. ఇప్పటికీ రోజూ పరుగెత్తుతుంది. శిబిరానికి వచ్చిన డాక్టర్ ఆమె నాడి చూసి, "గింత మెల్లగ కొట్టుకుంటుంది. దవాఖానకు తీస్కపోవాలె" అన్నాడు.

"ఉరికేటోళ్ల గుండె గట్లనే ఉంటది సార్. కావాల్నంటే దీన్ని అడుగుండ్రి. బయాలజీ, స్పోర్ట్స్ సైన్స్ చదువుతున్నది" అని రజియా నన్ను చూపించింది.

ఆ మాట నిజమే. కానీ పస్తులున్నా నాడి నెమ్మదిస్తుంది. మరి ఇది పరుగు వల్లనా, ఆకలి వల్లనా? నాకూ తెలుసుకోవాలనిపించింది. మణికట్టు పట్టుకుని, "జర లేసి నిలవడవే" అన్నాను.

లేచింది. నా వేళ్ల కింద నాడి ఒక్కసారిగా పరుగందుకుంది. రజియా తూలి నా భుజం పట్టుకుంది. పరుగు వల్ల నెమ్మదించిన గుండె అయితే లేవగానే ఇలా తూలదు, ఒంట్లో నీళ్లు లేవని అర్థమైంది.

"తీస్కపోన్రి సార్" అన్నాను.

"నా దీక్ష చెడగొడ్తవా? నువ్వు నా దోస్తువా, పోలీసోళ్ల మనిషివా?" అని ఏడ్చింది. టెంటులో అందరూ నన్నే చూశారు.

దవాఖానలో సెలైన్ ఎక్కుతుంటే గోడవైపు తిరిగి పడుకుంది. రేపు మళ్లీ కూర్చుంటానంటే ఏమనాలి? ఆపే హక్కు నాకుందా? అదే ఆలోచిస్తూ పక్కనే కూర్చున్నాను.

సెలైన్ సగం అయ్యాక, అటు తిరిగే అడిగింది. "నిలవడంగనే గుండె ఎందుకు ఉరికిందే?"

చెప్పడం మొదలుపెట్టాను. మెల్లగా ఇటు తిరిగింది.