నీ జనరల్ మేనేజర్‌ను తీసేశారు

ఒరేయ్ రఫీ,

నీ జనరల్ మేనేజర్‌ను ఇవాళ పొద్దున తీసేశారు. అమెరికా బేస్‌బాల్‌లో ఇరవై ఏళ్లు ఆటగాళ్లను ఏరి జట్టును నిలబెట్టినవాణ్ణి, ఒక్క చెడ్డ సీజన్‌కే ఇంటికి పంపేశారు. ఇక్కడ ఆస్ట్రేలియాలో, నేను పనిచేసే టూవూంబా ఆసుపత్రి కార్ పార్కులో ఆ వార్త చదివి నిర్ఘాంతపోయాను. నేను మెచ్చిన మేనేజర్ కప్పు గెలిచాడని నేను, నీవాడు ఏ ఏడూ జట్టును పడిపోనివ్వలేదని నువ్వు, వాదించుకుంటూ పెరట్లో బార్బీ పొయ్యి మీద ఎంత మాంసం మాడబెట్టామో. ఆ ఊపులో నీకే ఫోన్ చేసేశాను. నువ్వు పోయి ఏడాదైందని గుర్తొచ్చేలోపే ఎవరో ఎత్తారు.

"అంకుల్, నేను సనా. డాడ్ ఫోన్ నేనే ఉంచుకున్నా. దే సాక్డ్ హిమ్, తీసేశారు కదా?"

నీ కూతురికి బేస్‌బాల్ అంటే ఆవలింతలే కదరా. "నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"డాడ్ పోయాక ఆ మేనేజర్లందరి రికార్డులూ చదివా. లాంగ్ రన్‌లో డాడ్ చెప్పిందే కరెక్ట్. మీవాడు ఒక్క కప్పు కోసం మంచి కుర్రాళ్లందర్నీ వేరే టీమ్‌లకిచ్చేశాడు. ఆ తర్వాత ఏమైంది, అంకుల్?"

ఆ తర్వాత ఆ జట్టు వరసగా ఓడిందని నాకూ తెలుసు. అయినా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇక తనకు నాతో మాట్లాడే పనుండదేమోనని, "ఆదివారం ఇంటికి రా, తేల్చుకుందాం" అన్నాను.

వస్తానంది.

మురళి