కారవాన్‌లో పొంగిన పాలు

ఎనుమాముల, వరంగల్
ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకు, బావగారికి మీ సింహాచలం నమస్కారాలు.

నేను బాగున్నాను. ఈ మాట మొదటే రాస్తున్నాను, లేకపోతే మిగతాదంతా నువ్వు కంగారుగా చదువుతావు. నీ మోకాలు ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? పాప కాలేజీకి బస్సులోనే వెళ్తోందా? ఫోను చేసినప్పుడల్లా నువ్వు "ఇంకేంటి" అంటావు, నేను "ఏమీ లేదు" అంటాను. ఫోనులో నాకు నాలుగు మాటలకు మించి రావని నీకు తెలిసిందే. కాగితం మీదైతే కొంచెం నయం. ఏ రోజు ఏ పని చేశానో రాసుకునే పుస్తకం పక్కన పెట్టుకుని రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మార్కెట్టుకు మిర్చి వచ్చే రోజులు. మా షెడ్డు ఆ రోడ్డు మీదే ఉంది కాబట్టి గాలి ఇటు తిరిగితే చాలు, అందరం తుమ్ములే. వచ్చిన కొత్తలో నా కళ్లు మండి నీళ్లు కారుతుంటే షెడ్డు యజమాని యాకూబ్ భాయ్ చూసి, "ఇంటి మీద రంది వెట్టుకున్నవా, మిర్చి ఘాటా?" అని అడిగాడు. మిర్చే అన్నాను. రెండూ నిజమే. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె అలవాటైంది. చేపలు ధర్మసాగర్ చెరువు నుంచి వస్తాయి. మంచివే, కానీ నాలుక ఉప్పునీటి చేపనే అడుగుతుంది. పస్తులు మాత్రం ఉండటం లేదు, దిగులు పెట్టుకోకు.

బస్సు బాడీలకు కరెంటు పని చేయడానికి వచ్చానని చెప్పాను కదా. ఈ మూడు నెలలూ వేరే పని. ఒక పాత మినీ బస్సును కారవాన్‌గా మార్చాం. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, స్నానాల గది అన్నీ లోపలే ఉండే బండి. సినిమా వాళ్ల దగ్గర ఉంటుందే, అలాంటిది, కాకపోతే చిన్నది. మా షెడ్డులో ఇదే మొదటిది. పడవల్లో ఇంజన్లూ లైట్లూ బాగు చేసినవాణ్ణని యాకూబ్ భాయ్ లోపలి అమరికంతా నాకే అప్పగించాడు. "ఇరుకు జాగల మనుషులు ఎట్ల బతుకుతరో నీకే ఎరుక," అన్నాడు.

బండి చేయించుకున్నది కొమురయ్య గారు, సమ్మక్క గారు అనే భార్యాభర్తలు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన చూడని ఊరు లేదు. ఆవిడ మాత్రం ఇటు వరంగల్, అటు పాలకుర్తి గుట్ట, అంతకు మించి వెళ్లలేదట. "ఊరోళ్లందర్ని తిప్పిన. దీన్నే ఒక్క దిక్కు తీస్కపోలే," అని ఆయన మొదటి రోజే చెప్పారు. పక్కనే ఉన్న సమ్మక్క గారు, "ఇప్పుడన్న యాదికొచ్చిన. దేవునికి దండం," అన్నారు.

ఇద్దరికీ కారవాన్ కొత్తే. ఏమేమి ఉండాలో నన్ను అడిగేవారు, నేను నేర్పేవాణ్ణి. నిజానికి నేనే ఎక్కువ నేర్చుకున్నాను అక్కయ్యా. చక్రాల కింద పెట్టడానికి కర్ర దిమ్మలు చేయిస్తే కొమురయ్య గారు వాటిని చేత్తో తూచి చూసి, అడుగున పాత టైరు ముక్క కొట్టించారు. వానలో కర్ర జారుతుందట. బయటి నుంచి కరెంటు తెచ్చుకునే తీగ ఎంత పొడవున్నా, వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పాలని, లేకపోతే వేడెక్కుతుందని నేను చెప్తే, మర్నాటికి ఆయన ఆ మాటను ఎర్ర రంగుతో ఆ తీగ ఉండే పెట్టె మీదే రాయించారు. తాగే నీళ్ల పైపు వేరు, మురుగు కడిగే పైపు వేరు అన్నాను. సమ్మక్క గారు వెంటనే తాగే నీళ్ల పైపుకు పసుపు గుడ్డ కట్టేశారు. ఇక ఎవరూ పొరపాటు పడరు.

బండి సమంగా నిలబడిందో లేదో చూడటానికి నేను మట్టపు గొట్టం కొన్నాను. ఆవిడకు అది నచ్చలేదు. చెంబు నిండా నీళ్లు పోసి పొయ్యి గట్టు మీద పెట్టి, "ఇటు దిక్కు ఒంగింది తమ్మీ. ఇట్ల పండుకుంటె పొద్దుగాలకు నేను ఆయన మీద పడ్త," అన్నారు.

"పడితె ఏమాయె?" అన్నారు కొమురయ్య గారు.

యాకూబ్ భాయ్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. నేను మట్టపు గొట్టం పెట్టి చూశాను. ఆవిడ చెప్పిందే నిజం.

ఒక్క విషయంలో మాత్రం అందరూ నన్ను ఎగతాళి చేశారు. గ్యాసు కారితే కూత పెట్టే పెట్టె ఒకటి తెప్పించి, నేలకు జానెడు ఎత్తులో బిగించాను. "అరే, గ్యాస్ పైకి పోతది గద భాయ్! బల్లి లెక్క కింద అంటవెట్టినవేంది?" అన్నాడు యాకూబ్ భాయ్. వంట గ్యాసు గాలి కంటే బరువు, నీళ్లలాగా కిందికే దిగి నిలుస్తుంది అని చెప్పాను. పడవ అడుగున డీజిలు వాసన ఎలా నిలుస్తుందో మనకు తెలుసు కదా. నమ్మారో లేదో కానీ తీయించలేదు.

పోయిన బుధవారం బండి అప్పగించే రోజు. ఇది కూడా ఇల్లే కదా, పాలు పొంగించాలి అన్నారు సమ్మక్క గారు. కొత్త గిన్నె, పసుపు, కుంకుమ, పూలు తెచ్చారు. ఆ రోజు గాలి మార్కెట్టు వైపు నుంచే. పాలలో మిర్చి దుమ్ము పడుతుందని తలుపూ కిటికీలూ అన్నీ మూసేశారు. నేను లోపలే ఒక మూల నిలబడ్డాను. అన్నీ మూస్తే ప్రమాదమని నాకూ తట్టలేదు. పాలు తూర్పు వైపుకు పొంగాయి. అందరూ చేతులు జోడించారు. పొంగిన పాలు బర్నరు మీద పడి మంట ఆరిపోయింది. ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. కొమురయ్య గారు స్టీరింగుకు దండ వేస్తున్నారు. ఆవిడ పళ్లెంలో కర్పూరం పెట్టి అగ్గిపెట్టె తీశారు.

అప్పుడు కింద నుంచి కూత మొదలైంది.

"రివర్స్ హారన్ ఎవడు కొట్టిండు?" అన్నారు కొమురయ్య గారు వెనక్కి తిరిగి.

"పుల్ల గీయకండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని, సిలిండరు మూసి, తలుపు తన్ని తెరిచాను. అందర్నీ కిందికి దించి, కిటికీలు బార్లా తీసి, కూత ఆగేదాకా బయటే నిలబడ్డాం.

యాకూబ్ భాయ్ ముందుగా తేరుకున్నాడు. "బల్లి అని నవ్విన. నవ్వు వాపస్ తీస్కుంటున్న," అన్నాడు. కానీ తప్పు నాది అక్కయ్యా. మంటలు ఆర్పే సిలిండరు నుంచి టార్చి లైటు దాకా అన్నీ ఆలోచించిన నేను పాల సంగతి ఆలోచించలేదు. మన ఇంట్లో కట్టెల పొయ్యి మీద పొంగించాం, ఆరితే పొగ వచ్చేది, తెలిసేది. మంట ఆరిన వెంటనే గ్యాసు దానంతట అదే ఆగిపోయే పొయ్యి ఉంటుందని నాకు తెలుసు. మామూలుది చాలులే అనుకున్నాను. ఆ మాటే వాళ్లతో చెప్పాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

సమ్మక్క గారు మాత్రం షెడ్డు గడప మీద కూర్చుని, "గిది ఇల్లు గాదు, డబ్బ. నేను ఎక్క," అన్నారు.

కొమురయ్య గారు వచ్చి ఆ గడప మీదే ఆవిడ పక్కన కూర్చున్నారు. తర్వాత, "నువ్వు ఎక్కకుంటె నేనొక్కన్ని ఏం జేస్త? మళ్ల డ్యూటీ జేసినట్టే గదా," అన్నారు. దండ వేసిన బండిని అక్కడే వదిలి ఇద్దరూ ఆటోలో వెళ్లిపోయారు.

ఆ మర్నాడే కొత్త పొయ్యి తెచ్చి బిగించాను. శుక్రవారం సమ్మక్క గారు ఒక్కరే వచ్చారు. ఆయనకు చెప్పకుండా వచ్చారట. "తమ్మీ, గా సిలిండర్ ఎట్ల బంద్ జేసినవో మళ్ల జూపియ్," అన్నారు. చూపించాను. ఆవిడ తన చేత్తో పదిసార్లు తిప్పి చూశారు. కొత్త పొయ్యి వెలిగించి, నీళ్లు చల్లి మంట ఆర్పి, గ్యాసు ఆగిందా లేదా అని చెవి పెట్టి విన్నారు. కూత పెట్టెకు పరీక్ష బొత్తాం ఉంటుంది. అది మూడుసార్లు నొక్కి, "మా ఆయన కన్న గిదే నయం. ఆపుమంటె ఆపుతది," అన్నారు. బుధవారం తర్వాత ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత నాకు తట్టని పని చేశారు. బండి ముందు మూడు ఇటుకలు పెట్టించి, చితుకులు ఏరి తెచ్చి, పాలు బయటే పొంగించి, గిన్నె లోపలికి తీసుకెళ్లి పెట్టారు. "ఇంట్ల పొంగిచ్చినా వాకిట్ల పొంగిచ్చినా పాలు పాలే," అన్నారు. ఆవిడ ధైర్యం నాకు లేదనిపించింది. భయపడిన చోటికే తిరిగి వచ్చి, చెయ్యి పెట్టి చూడాలని ఎంతమందికి అనిపిస్తుంది?

ఎక్కుతారా అని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. వెళ్లేటప్పుడు, "మీ సముద్రం కాడ బండి ఆపనిస్తరా?" అని మాత్రం అడిగారు. మా అక్కయ్య వాకిలి ఉందన్నాను.

రేపు పొద్దున బయలుదేరాలని కొమురయ్య గారి ఆలోచన. వాళ్లు వస్తే కొన్ని పనులు చేసిపెట్టు. బండిని ఇసుకలోకి పోనివ్వొద్దని బావగారికి చెప్పు, సరుగుడు తోట పక్కన గట్టి నేల మీద ఆపించమను. నీళ్లు బోరింగువే ఇవ్వండి, పాత బావివి ఉప్పన. వెళ్లే ముందు బండి అడుగుభాగం మంచినీళ్లతో ఒకసారి కడగనివ్వండి, లేకపోతే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. చేపల పులుసులో నీ చేతి కారం వాళ్లకు చప్పగా ఉంటుంది, మొహమాటపడకుండా ఇంకాస్త వెయ్యి. నీకని రెండు కిలోల మిర్చి వాళ్లతోనే పంపుతున్నాను.

నేను ఎప్పుడు వస్తానని అడుగుతావు. ఇంకో కారవాన్‌కు మాటలు జరుగుతున్నాయి. అది తేలాక చెప్తాను. పెద్దనాన్నకూ, వీధిలో పెద్దవాళ్లందరికీ నా నమస్కారాలు చెప్పు. పాపను అడిగానని చెప్పు. మీ ఇద్దరి దీవెనలు నా మీద ఉండాలి.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు సమ్మక్క గారు బండి ఎక్కితే ఆవిడ చేతికే ఇస్తాను. ఎక్కకపోతే నా పుస్తకంలోనే ఉండిపోతుంది. కాబట్టి అక్కయ్యా, నువ్వు ఇది చదువుతున్నావంటే ఆవిడ నీ ఎదురుగానే నిలబడి ఉన్నారు. కాగితం మడిచిపెట్టి, ముందు ఆవిడను సముద్రం దగ్గరికి తీసుకెళ్లు.

నీ తమ్ముడు,
సింహాచలం